అమ్మమ్మ, మాకు అమ్మమ్మ కాకముందు

అమ్మమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట అన్నారు. మహా ఓర్పు గల మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు, పిల్లల కోసమే బతికింది అని. ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు, కానీ వింటున్నకొద్దీ నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. ఎందుకంటే మా అమ్మమ్మకి ఓర్పు తక్కువ. ఎవరైనా విషయాన్ని సాగదీసి చెబుతుంటే "అసలు సంగతికి రా" అనేసేది. లెక్క తప్పు చెప్పినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా అక్కడికక్కడే సరిదిద్దేది. వాదనలో ఓడిపోవడం ఆవిడకి చేతకాదు, ఓడిపోతున్నానని తెలిస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయి, కాసేపటికి కొత్త పాయింటుతో తిరిగొచ్చేది. నవ్వితే గట్టిగా, వీధిలోకి వినపడేటట్టు నవ్వేది. ఇవన్నీ తీసేసి "ఓర్పు గల మనిషి" అంటే ఇంక మిగిలేది ఎవరు? ఆ మాట ఏ అమ్మమ్మకైనా సరిపోతుంది. అందుకే మా అమ్మమ్మకి సరిపోదు.

ఆవిడ గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసిందేంటంటే, నా దగ్గరున్నది ఆవిడ జీవితంలో చివరి భాగం మాత్రమే. మనవలకి ఎవరికైనా అంతే కదా. మనం పుట్టేసరికే వాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళకి చిన్నతనం ఉందని, స్నేహితులు ఉన్నారని, భయాలు, పంతాలు, చేయాలనుకుని చేయలేకపోయిన పనులు ఉన్నాయని మాటవరసకి తెలుసుగానీ, అవి మన కళ్ళముందు జరగలేదు. మనం చూసేది మనల్ని చూసి మురిసిపోయే ఒక ముసలావిడని. ఆవిడ మనల్ని చూడకముందు గడిపిన నలభై యాభై ఏళ్ళు మాత్రం వేరేవాళ్ళ దగ్గర ఉంటాయి. వాళ్ళూ ఒక్కొక్కరుగా వెళ్ళిపోతుంటారు.

అందుకని నాకు గుర్తున్నవాటితో ఆపకుండా అడగడం మొదలుపెట్టాను. అమ్మని, మామయ్యని, పిన్నిని, అందరికంటే ఎక్కువగా చిన్నమ్మమ్మని. చిన్నమ్మమ్మ అమ్మమ్మ కంటే నాలుగేళ్ళు చిన్న. ఆవిడ "అక్క" అని మొదలుపెడితే వచ్చే మనిషి, నేను "అమ్మమ్మ" అంటే వచ్చే మనిషి, వేరువేరు అనిపించేంత తేడా. చిన్నమ్మమ్మ చెప్పే అక్క గోడలు దూకుతుంది, తమ్ముడి పుస్తకాలు దాచిపెట్టుకుని చదువుతుంది, ఎదురింటి అమ్మాయితో మాట్లాడటం మానేసి మళ్ళీ తనే వెళ్ళి మాట్లాడుతుంది, రాత్రి దీపం ఆర్పాక చెల్లెలికి భయం వేసే కథలు చెప్పి, చెల్లెలు ఏడుస్తుంటే నోరు మూసి నవ్వుతుంది.

అమ్మమ్మ బట్టలు కుట్టేది. తాతయ్య చిన్న వయసులోనే పోయారు, అప్పటికి అమ్మకి పన్నెండేళ్ళు, మామయ్య, పిన్ని ఇంకా చిన్నవాళ్ళు. అంతకుముందు ఇంట్లోవాళ్ళకి మాత్రమే కుట్టే అమ్మమ్మ అప్పటినుంచి బయటివాళ్ళకి కుట్టడం మొదలుపెట్టింది, ముగ్గురు పిల్లల చదువులు ఆ కుట్టుమిషను మీదే గడిచాయి. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ ఆ పని చాలావరకు తగ్గించేసింది, అయినా మిషను ఉన్న గది ఆవిడదే, అక్కడి రూల్స్ అన్నీ ఆవిడవే. అన్నిటికంటే పెద్ద రూల్ కత్తెర. గుడ్డ కత్తిరించే కత్తెరతో కాగితం కత్తిరిస్తే ఊరుకునేది కాదు. కాగితం తయారీలో సుద్ద, బంకమట్టి లాంటి ఖనిజాలు కలుపుతారు కాబట్టి అది నిజంగానే అంచుని మొండి చేస్తుందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆవిడ అదంతా చెప్పేది కాదు. "అది నా చెయ్యి, ముట్టుకోకు" అనేది.

ఆవిడ కొలిచే టేపుకి మొదటి అంగుళం చిరిగిపోయి ఉండేది. కొత్తది కొనిపెట్టినా వాడేది కాదు. చిరగని చోట, ఒకటో అంకె దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసి రాసుకునేది, అది ఎంత అలవాటైపోయిందంటే మంచి టేపు ఇచ్చినా చెయ్యి దానంతటదే ఒకటో అంకె మీదకే పోయేదట. కళ్ళు మసకబారాక సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. ప్రతిసారీ ఎవర్నో ఒకర్ని పిలవడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకని సెలవుల్లో మేము వెళ్ళినప్పుడు ఒక పాత గుడ్డ మీద సూదులన్నీ వరసగా గుచ్చి, అన్నిటికీ రంగురంగుల దారాలు ఎక్కించి పెట్టమనేది. మేము వెళ్ళిపోయాక అవి అయిపోయేదాకా ఎవరినీ అడగక్కర్లేదు. చిన్నప్పుడు అది మాకు ఆట. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ స్వభావం మొత్తం అందులోనే ఉందనిపిస్తుంది, సాయం తీసుకుంటుంది కానీ తన టైం ప్రకారం తీసుకుంటుంది.

ఆవిడ వస్తువులు సర్దుతున్నప్పుడు కొలతల పుస్తకాలు దొరికాయి. పొడుగ్గా, సన్నగా ఉండే నోటుపుస్తకాలు, అంచులు నలిగిపోయి, కొన్నిటికి అట్టలు లేవు. ప్రతి పేజీలో ఒక మనిషి, పేరు కింద ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు, పక్కన తారీఖు, ఇంకా పక్కన ఆవిడ రాసుకున్న మాటలు. ఇవి మాకు దొరికిన అన్నిటికంటే విలువైనవి అని నేను అనుకుంటున్నాను, ఫోటోల కంటే కూడా. ఫోటోలో అందరూ నిటారుగా నిలబడి కెమెరా వైపు చూస్తారు. ఈ పుస్తకాల్లో అమ్మమ్మ చూపు ఉంది, ఆవిడ మనుషుల్ని ఎలా చూసిందో ఉంది. ఒకావిడ పేరు దగ్గర "కుడి భుజం దిగి ఉంటుంది, చెప్పకుండా సరిచేయాలి" అని ఉంది. ఇంకొకరి దగ్గర "మెడ మూసి కుట్టాలి, మచ్చ కనపడకూడదని అడిగింది". ఒక పేరు వరసగా చాలా పేజీల్లో వస్తుంది, ప్రతిసారీ నడుము కొలత కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది, చివరి పేజీ పక్కన "ఒంట్లో బాగాలేదట, మెత్తటి గుడ్డ" అని మాత్రమే ఉంది, తర్వాత ఆ పేరు ఇంక రాదు. చిన్నమ్మమ్మని అడిగితే ఎవరో చెప్పింది. అమ్మమ్మ ఆవిడకి చివరిదాకా డబ్బు తీసుకోకుండా కుట్టిందని కూడా చెప్పింది, ఆ సంగతి మా అమ్మకే తెలియదు.

అమ్మ కొలతలు ఉన్నాయి, స్కూలు వయసు నుంచి పెళ్ళిదాకా. మామయ్యవి, పిన్నివి ఉన్నాయి. నావీ ఉన్నాయి. నా పేజీలన్నిట్లో ఒకే మాట, "పెరిగే పిల్ల, లోపల గుడ్డ వదలాలి". అలా వదిలిన గుడ్డ నాకు గుర్తుంది. ఏడాది తర్వాత కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ బయటికి తీస్తే అక్కడ మాత్రం రంగు కొత్తగా మెరిసేది, నాకు సిగ్గుగా ఉండేది. అమ్మమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ముద్దులు పెట్టే మనిషి కాదు. వచ్చే ఏడాది నేను ఎంత ఉంటానో ముందే ఆలోచించి పెట్టుకునే మనిషి.

ఈ పని చేస్తూ జ్ఞాపకాల గురించి కొంచెం చదివాను. నలభై దాటినవాళ్ళని జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, దాదాపు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి మిగతావాటికంటే ఎక్కువగా వస్తాయని సైకాలజీలో చాలా పరిశోధనలు చూపించాయి. మొదటిసారి జరిగేవన్నీ ఎక్కువగా ఆ వయసులోనే జరుగుతాయని, మనం ఎవరమో మనకి తెలిసేది ఆ వయసులోనే అని కారణాలు చెబుతారు. చదవగానే అమ్మమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో పొద్దున ఎవరు వచ్చి వెళ్ళారో చెప్పలేకపోయేది కానీ, పదహారేళ్ళప్పుడు తన స్నేహితురాలు ఏ రంగు దుస్తులు వేసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయిందో చెప్పేది. ఆ స్నేహితురాలి గురించి చెప్పినప్పుడల్లా గొంతు మారేది. పెద్దవాళ్ళు అలా పాత సంగతుల్లోకి వెళ్ళిపోతే మతి తప్పుతోందని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ అది కాదని రాశారు, చివరి దశలో మనిషి తన జీవితాన్ని మళ్ళీ మొదటినుంచి చూసుకుంటాడు, అది మనసు చేసే సహజమైన పని, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని ఆపకుండా వినాలి అని. నేను విన్నాను, అందుకు నాకు చాలా తృప్తిగా ఉంది. అమ్మమ్మ చెప్పిందే చెబుతోందని ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే నేను పక్కన కూర్చునేదాన్ని, ఎందుకంటే చెప్పిందే చెబుతున్నట్టు ఉన్నా ప్రతిసారీ ఒక ముక్క కొత్తగా వచ్చేది.

కొత్త ముక్క వచ్చేది, పాత ముక్క మారేది కూడా. ఆవిడ చదువు ఎలా ఆగిపోయింది అన్న కథ మా దగ్గర మూడు రకాలుగా ఉంది. అమ్మమ్మ మామయ్యకి చెప్పింది, వాళ్ళ నాన్న మాన్పించారని. నాకు చెప్పింది, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేక తనే మానేశానని. చిన్నమ్మమ్మ అంటుంది, టీచరు ఇంటికి వచ్చి అడిగారు, నాన్న సరే అన్నారు కూడా, కానీ పైతరగతులున్న స్కూలు దూరం, ఆ దారిలో వెళ్ళే ఆడపిల్ల ఇంకెవరూ లేరు, ఒక నెల వెళ్ళి ఆగిపోయింది అని. ఏది నిజం? ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1932లోనే చూపించిన విషయం ఒకటుంది, ఒక కథని మనుషులకి చదివించి, కొన్నాళ్ళ తేడాతో మళ్ళీ మళ్ళీ చెప్పమంటే, అది వాళ్ళకి అర్థమయ్యే రూపంలోకి మారుతూ పోతుంది. గుర్తుతెచ్చుకోవడమంటే ఎక్కడో దాచినదాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీయడం కాదు, ప్రతిసారీ మళ్ళీ అల్లడం. అందుకని మేము మూడు కథలూ రాసి పెట్టాం, ఎవరు చెప్పారో, ఎవరికి చెప్పారో పక్కన రాశాం. నా ఉద్దేశంలో మూడూ కలిపితేనే నిజం. తండ్రి మాన్పించాడని కొడుక్కి చెప్పిన రోజున ఆవిడ కోపంలో ఉండి ఉంటుంది. తనే మానేశానని మనవరాలికి చెప్పిన రోజున, తన జీవితంలో ఒక పెద్ద నిర్ణయం తనదే అని చెప్పుకోవాలనిపించి ఉంటుంది. ఏది జరిగిందన్నది ఎంత ముఖ్యమో, ఎవరికి ఎలా చెప్పిందన్నదీ అంతే ముఖ్యం.

ఒక విషయం మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ మామయ్యకీ మధ్య ఇంకొక బాబు పుట్టాడని, కొన్ని నెలలే బతికాడని చిన్నమ్మమ్మ చెప్పింది. అమ్మకి లీలగా తెలుసు, ఇంట్లో ఒక ఉయ్యాల ఉండి తర్వాత కనపడకపోవడం ఆమెకి గుర్తుంది, అంతకుమించి అడిగే వయసు కాదు అప్పుడు. మామయ్యకి అసలు తెలియదు, అరవై దాటిన మనిషి, తనకి ఒక అన్న ఉండేవాడని విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇది రాయాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆవిడ దాచుకున్నదాన్ని మనం బయటపెట్టడం తప్పు కదా అని పిన్ని అన్నది, అందులో న్యాయం ఉంది. చిన్నమ్మమ్మ వేరేలా అన్నది. "అది దాచుకోలేదే, అడిగినవాళ్ళు లేరు. ఆ బాబు గురించి మాట్లాడితే అక్క ఏడుస్తుందని అందరూ మానేశారు, అందరూ మానేశారని అక్కా మానేసింది." ఆ మాట విన్నాక అందరం కలిసి నిర్ణయించుకున్నాం, ఇంటి చరిత్రలో ఆ బాబు పేరు ఉంటుంది. నలుగురు పిల్లలు అని రాస్తాం, ముగ్గురు అని కాదు.

అక్కాచెల్లెళ్ళు రెండేళ్ళ పాటు మాట్లాడుకోలేదని కూడా రాశాం. వాళ్ళమ్మని ఆఖరి రోజుల్లో ఎవరు చూసుకోవాలన్న దగ్గర వచ్చిన గొడవ. పోయినవాళ్ళ గురించి ఇలాంటివి రాయకూడదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ఆ గొడవ లేకపోతే, తర్వాత చిన్నమ్మమ్మకి ఆపరేషన్ అయినప్పుడు అమ్మమ్మ మిషను మూసేసి నెలరోజులు వాళ్ళింట్లో ఉండిపోవడం ఎంత పెద్ద సంగతో ఎవరికీ అర్థం కాదు. తప్పులన్నీ తుడిచేసి మంచి మాత్రమే మిగిల్చితే ఆ మంచికి కూడా బరువు ఉండదు.

ఇంకొక విషయం నన్ను బాగా కదిలించింది, ఇది అమ్మ తరఫు అమ్మమ్మలకి మాత్రమే వర్తిస్తుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె అండకణాలన్నీ తయారైపోతాయి. గర్భం దాదాపు 20 వారాలు వచ్చేసరికి ఆ పిండంలో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి, పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలకి తగ్గుతాయి. అంటే మా అమ్మ ఇంకా పుట్టకముందు, అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే, తర్వాతెప్పుడో నేనైన ఆ ఒక్క కణం కూడా అక్కడ ఉంది. అమ్మమ్మకి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆవిడ జీవితంలో నాకు తెలియదనుకున్న కాలంలో, ఆ కొన్ని నెలలైనా, నేను ఏదో రకంగా ఆవిడతో ఉన్నాను. ఇది సైన్సు ప్రకారం చాలా చిన్న విషయమే అయి ఉండొచ్చు, నాకు మాత్రం చాలా ధైర్యంగా అనిపించింది.

మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణాల్లో శక్తి తయారుచేసే భాగాల్లో ఉండే జన్యుపదార్థం, కూడా అలాంటిదే, అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి మనకి దాదాపు మార్పు లేకుండా చేరుతుంది. దీని మీద ఆధారపడి మనవల్ని వెతుక్కున్న అమ్మమ్మలు ఉన్నారు. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 వరకు సైనిక నియంతృత్వం నడిచింది, ఆ కాలంలో ఎత్తుకుపోయిన యువతుల్లో గర్భిణులు కూడా ఉన్నారు, వాళ్ళకి నిర్బంధంలో పుట్టిన పిల్లల్ని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. తల్లిదండ్రులతో పాటు ఎత్తుకుపోయిన పసిపిల్లల్ని కూడా కలిపితే అలాంటి పిల్లలు దాదాపు 500 మంది ఉంటారని అంచనా. 1977లో వాళ్ళ అమ్మమ్మలు, నానమ్మలు ఒక సంఘంగా ఏర్పడి వెతకడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు లేకుండా ఒక బిడ్డ ఏ ఇంటిదో ఎలా తేల్చాలి అన్నది ప్రశ్న. మేరీ క్లైర్ కింగ్ అనే జన్యుశాస్త్రవేత్త 1984 నుంచి వాళ్ళతో పనిచేసి, ఈ మైటోకాండ్రియా డీఎన్ఏతో బంధుత్వం నిర్ధారించే పద్ధతిని వాడారు. ఇప్పటిదాకా 130 మందికి పైగా తమ అసలు కుటుంబం ఏదో తెలుసుకున్నారు.

వాళ్ళు చేసిన ఇంకొక పని నాకు అంతకంటే గొప్పగా తోస్తుంది. దొరికే మనవడో మనవరాలో తన తల్లిదండ్రులెవరో తెలుసుకోవాలని, మాయమైనవాళ్ళ బంధువుల్ని, స్నేహితుల్ని, కలిసి పనిచేసినవాళ్ళని కూర్చోబెట్టి, ఆ మనిషి ఎలా నవ్వేది, దేనికి కోపం వచ్చేది, ఏం ఇష్టపడేది అన్నీ రికార్డు చేసి, ఫోటోలతో కలిపి భద్రపరిచారు. మనవడు దొరికాక అది అతని చేతికి ఇస్తారు, కొంతమంది అమ్మమ్మలు అప్పటికి బతికి లేకపోయినా. మా ఇంట్లో జరిగింది దాని ముందు చాలా మామూలు విషయం, పోల్చడానికి లేదు. కానీ ఒక మనిషిని తర్వాతి తరానికి అందించాలంటే "మంచిది, ఓర్పు గలది" అన్న మాటలు సరిపోవని, నవ్వు, కోపం, ఇష్టాలు కావాలని వాళ్ళకి ఎంత స్పష్టంగా తెలుసో చూడండి.

మనుషుల్లో ఆడవాళ్ళు పిల్లల్ని కనే వయసు దాటాక కూడా దశాబ్దాలు ఎందుకు బతుకుతారు అన్నదానికి శాస్త్రవేత్తలు చెప్పే ఒక కారణం కూడా చదివాను, అమ్మమ్మలు, నానమ్మలు సాయం చేస్తే మనవలు బతికే అవకాశం పెరిగింది, అందుకే ఆ దీర్ఘాయుష్షు అని. టాంజానియాలో వేట మీద, అడవిలో ఏరుకున్న తిండి మీద బతికే హడ్జా ప్రజల మధ్య క్రిస్టెన్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త బృందం చేసిన పరిశీలనలు దీనికి ఆధారంగా చెబుతారు, అక్కడ వయసైన ఆడవాళ్ళు అందరికంటే ఎక్కువసేపు కష్టపడి దుంపలు తవ్వుతారట. మంచి వివరణే. కానీ నాకు అందులో కూడా ఒక చిన్న బాధ ఉంది. అమ్మమ్మలు ఎందుకున్నారు అంటే మన కోసం అనే జవాబు. మా అమ్మమ్మ రాత్రి అందరూ పడుకున్నాక మిషను దగ్గర కూర్చుని, మిగిలిన ముక్కలతో ఎవరికీ అక్కర్లేని, అమ్మకానికి కాని బొంతలు కుట్టేది, రంగులు మార్చి మార్చి, నచ్చకపోతే విప్పి. ఎవరి కోసం అని అడిగితే "నాకోసం" అనేది. అది కూడా ఆవిడ జీవితమే.

పెద్దవాళ్ళు పోయినప్పుడు ఏడవడానికి కూడా మనకి ఎక్కువ టైం ఇవ్వరు. నిండు జీవితం, అన్నీ చూసింది, బాధపడకూడదు అంటారు. ఆఫీసులో రెండు రోజులు అయ్యాక ఇంక ఎవరూ అడగరు. సమాజం సరిగా గుర్తించని ఇలాంటి దుఃఖాల గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే రాశారు. ఇంకొకటి, పోయినవాళ్ళని మరిచిపోయి ముందుకెళ్ళడమే ఆరోగ్యం అన్న పాత అభిప్రాయం కూడా మారింది. 1996లో డెనిస్ క్లాస్, మరో ఇద్దరు పరిశోధకులు, చాలామంది పోయినవాళ్ళతో ఏదో ఒక బంధం కొనసాగిస్తూనే బాగా బతుకుతారని, అందులో జబ్బు ఏమీ లేదని వాదించారు. నాకైతే అమ్మమ్మ పోయాక ఆవిడతో పరిచయం పెరిగింది. ఇప్పుడు నాకు తెలిసిన అమ్మమ్మ, బతికున్నప్పుడు నాకు తెలిసినావిడ కంటే పెద్ద మనిషి.

అమ్మమ్మలు, నానమ్మలు ఇంకా ఉన్నవాళ్ళకి, మా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని చెబుతాను. "నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, "ఏముంది చెప్పడానికి" అంటారు. చేతికి ఒక వస్తువు ఇవ్వండి, పాత ఫోటో, పాత పనిముట్టు, ఎవరిదో ఉత్తరం, అది పట్టుకుని మాట్లాడతారు. వీలైతే ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టండి, అక్కాచెల్లెళ్ళో పాత స్నేహితులో, ఒకరు చెబుతుంటే ఇంకొకరు "కాదు కాదు, అప్పుడు నాన్న ఊళ్ళో లేడు" అని సరిదిద్దుతారు, ఆ సరిదిద్దడంలోనే బోలెడు బయటపడుతుంది. మాట ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, కాసేపు ఊరుకుంటే చాలాసార్లు అసలు విషయం అప్పుడే వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేస్తే వాళ్ళని అడిగి చేయండి, ఆ ఫైలు ఒక్క ఫోన్‌లోనే ఉంచకుండా ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. ఫోటోల వెనక పేర్లు రాసేటప్పుడు బాల్ పెన్ వద్దు, ఒత్తిడికి ముందువైపు గీతలు పడతాయి, ఇంకు కూడా అంటుకుంటుంది, మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర రాయండి. "అత్తయ్య" అని రాయకండి, ఎవరికి అత్తయ్యో యాభై ఏళ్ళ తర్వాత చదివేవాళ్ళకి తెలియదు, పూర్తి పేరు రాయండి. ముఖ్యంగా, మీ గురించి కాకుండా వాళ్ళ గురించి అడగండి. నేను చిన్నప్పుడు ఎలా ఉండేదాన్ని అని అడిగితే సంతోషంగా చెబుతారు, కానీ నువ్వు నా వయసులో ఉన్నప్పుడు నీకు దేనికి భయం వేసేది అని అడిగితే వాళ్ళ ముఖం మారుతుంది, ఆ ప్రశ్న వాళ్ళని చాలా ఏళ్ళుగా ఎవరూ అడిగి ఉండరు.

మా పని ఇంకా అవ్వలేదు. కొలతల పుస్తకాలు మామయ్య కూతురు ఒక్కో పేజీ ఫోటో తీసి, పేర్లు, తారీఖులు టైపు చేస్తోంది, సగం అయ్యాయి. చిన్నమ్మమ్మ గొంతు రికార్డు చేస్తున్నాం, ఆవిడ ఓపికని బట్టి, రోజుకి కొంచెం. అమ్మమ్మ పదహారేళ్ళ స్నేహితురాలి పేరు ఇంటిపేరుతో సహా దొరికింది, ఆవిడ గాని, ఆవిడ పిల్లలు గాని ఎక్కడున్నారో కనుక్కునే ప్రయత్నంలో ఉన్నాం. ఇది చదివే మా బంధువుల్లో ఎవరి దగ్గరైనా అమ్మమ్మ పెళ్ళికి ముందు ఫోటో ఉంటే, గ్రూపులో వెనక వరసలో సగం ముఖమే కనపడుతున్నా సరే, దయచేసి పంపండి. పెళ్ళికి ముందుది మాకు ఒక్కటి కూడా దొరకలేదు. అమ్మమ్మ కుట్టిన బట్టలు ఎవరి దగ్గరైనా ఉన్నా చెప్పండి, తీసుకోము, చూసి, లోపలి కుట్లు ఫోటో తీసుకుని ఇచ్చేస్తాం.